ఏ వేళకు ఏ ప్రహేళిక

మార్కాపురము చుట్టుపట్ల గనులలో బయల్పడు నల్లని రాయి, నూరుకోట్ల యేండ్లకు మించిన పూర్వకాలమున ఒక ప్రాచీన జలాశయపు అడుగున పేరుకొనిన మెత్తని బురద, తనపై బడిన భారముచేతను, భూగర్భమునందలి ఒత్తిడిచేతను క్రమముగా గట్టిపడి, పలుచని పొరలుగా చీలిపోవు గుణమును సంపాదించుకొనగా ఏర్పడినది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప శిలాసముదాయమున నల్లమల వర్గమునకు చేర్చి, సమీపముననున్న కంభము పేరుతోనే వ్యవహరించుచున్నారు. ఈ రాతినే చీల్చి, నునుపుచేసి, చెక్కచట్రమున బిగించి దేశమందలి బడిపిల్లల ఒడిలోనికి చేర్చిన పరిశ్రమ మార్కాపురమునకు పేరు తెచ్చినది. కాగితమునకు లేని గుణమొకటి పలకకు కలదు. దానిపై తప్పు వ్రాసినవాడు అరచేతితో తుడిచివేసి మరల మొదలుపెట్టవచ్చును. ఎన్నిమారులు తప్పినాడో చెప్పు సాక్ష్య మేదియు మిగులదు. చిక్కుప్రశ్నలతో ఆడుకొనువానికి ఇంతకంటె అనుకూలమైన రంగస్థలము వేరొకటి లేదని నా నమ్మకము.

పలకమీద పిల్లలు పాఠము ముగిసిన తరువాత ఆడు ఆటలను గమనించినవారికి, ప్రపంచమునందలి ప్రహేళికలన్నియు మూడు పాయలుగా అక్కడనే విడివడుట కనబడును. అక్షరములతో ఆడునది యొకటి, అంకెలతో ఆడునది రెండవది, గీతలతోడను ఆకారములతోడను ఆడునది మూడవది. ఈ మూడింటిలో తనకు ఏది ప్రియమో ప్రతిమనిషియు చెప్పగలడు. కాని ఏది ఎప్పుడు ప్రియమో విచారించినవారు తక్కువ. ఉదయమున ఉల్లాసము కలిగించిన గళ్ళనుడికట్టే సాయంకాలమున విసుగు పుట్టించును. నిన్న చిటికెలో తేలిన సుడోకు నేడు ముందుకు సాగదు. అప్పుడు మనము మన బుద్ధిని శంకింతుము, వయస్సును నిందింతుము. నిజమునకు తగ్గినది బుద్ధి కాదు. ఆ గడియలో మనస్సునందు ఏ గది ఖాళీగా నున్నదో, ఏ గది మరియొక వ్యవహారముచేత నిండియున్నదో దానినిబట్టియే ప్రహేళిక సులభమో దుర్భరమో అగుచున్నది.

ఈ గదుల మాట కేవలము అలంకారము కాదు. 1974లో ఆంగ్లదేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులైన అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనువారు, మనము ఒక పని చేయుచున్నంతసేపు ఆ పనికి కావలసిన విషయములను పట్టియుంచు తాత్కాలిక స్మృతి ఏకఖండము కాదనియు, మాటలను లోలోపల వల్లించుకొనుచు నిలుపు భాగమొకటి, ఆకారములను స్థానములను కంటియెదుట నున్నట్లు నిలుపు భాగమొకటి వేర్వేరుగా పనిచేయుననియు, ఈ రెంటిపై అవధానమును పంచిపెట్టు అధికారి యొకడు కలడనియు ప్రతిపాదించిరి. లోపల ఎవరితోనో వాదించుకొనుచు, అనవలసియుండి అనలేకపోయిన మాటలను పదేపదే కూర్చుకొనుచున్నవానికి మాటలగది నిండియుండును. చూడరానిదేదో చూచి, ఆ దృశ్యము కన్నులు మూసినను వదలక వేధించుచున్నవానికి చిత్రములగది నిండియుండును. రేపటి అప్పుగడువును, ఎండిపోవుచున్న బోరుబావిని తలచి తల్లడిల్లువాని విషయమున ఆ అధికారియే కబళింపబడి యుండును. ముగ్గురకును ఒకే ప్రహేళిక పనికివచ్చునని తలచుట, ముగ్గురు రోగులకు ఒకే మందు ఇచ్చుట వంటిది.

మొదట మాటల ప్రహేళికలను చూతము. ఇవి సంతోషమునకు చెలికత్తెలు. ఈ మాట అనుభవముచేత మన పెద్దలకు తెలిసినదే. పెండ్లి విడిదిలోను, వేరుసెనగ వలుచు వాకిళ్ళలోను, వెన్నెలరాత్రులందు ఆరుబయట మంచములమీదను పొడుపుకథలు పొడిచిరేగాని, పంచాయితీ నడుచుచున్న రచ్చబండయొద్ద ఎవరును పొడువలేదు. శాస్త్రము దీనిని ఆలస్యముగా పరిశీలించినది. అమెరికాలో ఆలిస్ ఐసెన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 1987లో ప్రకటించిన పరిశోధనలో, కొందరికి కొద్దినిమిషముల హాస్యచిత్రము చూపించి, తరువాత ఒక క్రొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె, పెట్టెడు గుండుమేకులు ఇచ్చి, మైనము నేలపై కారకుండునట్లు క్రొవ్వొత్తిని గోడకు నిలుపుడనిరి. మేకులపెట్టెను ఖాళీచేసి, ఆ పెట్టెనే గోడకు గ్రుచ్చి పీటగా వాడుకొనవలెనని తోచుటలోనే చిక్కంతయు కలదు. నవ్వి వచ్చినవారిలో ఈ ఉపాయము తోచినవారు, నవ్వనివారిలోకంటె మిక్కిలి ఎక్కువగా నుండిరి. సంతోషించిన మనస్సు, పెట్టెను పెట్టెగానే చూడక మరియొకటిగా చూడగల సందు ఇచ్చుచున్నది.

2009లో కరుణా సుబ్రమణియం, జాన్ కౌనియోస్, మార్క్ బీమన్ మొదలగువారు మాటలతోనే ఇట్టి పరీక్ష చేసిరి. పొందికలేని మూడు పదములనిచ్చి, మూడింటికిని అతుకు నాలుగవ పదమును చెప్పుమనుట ఆ పరీక్షాస్వరూపము. మన భాషలో నేనొకటి కూర్చెదను: తిరుగలి, మైలు, పలక. ఈ మూడింటి వెనుకను చేరదగిన మాట ఒక్కటే. చదువరి దానిని వెదకుకొనుచుండగా, ఆ పరిశోధకులు కనుగొన్నది చెప్పెదను. ప్రసన్నచిత్తముతో వచ్చినవారు ఎక్కువ ప్రశ్నలను విడదీసిరి. అంతేగాక, మెట్టుమెట్టుగా వెదకి కాక, చప్పున మెరసినట్లు తోచుటచేత విడదీసిరి. మెదడు ముందుభాగమున లోపలివైపునగల ఒక ప్రాంతము, ప్రశ్న కంటబడుటకు పూర్వమే, సంతోషించినవారిలో ఎక్కువగా మేల్కొనియుండుట యంత్రచిత్రములలో కనబడెను. అనగా సంతోషము జవాబును తెచ్చుటలేదు, జవాబు వచ్చు త్రోవను ముందుగా తెరచి యుంచుచున్నది. (రాయి యను జవాబు ఈపాటికి తోచియే యుండును.)

పొడుపుకథ పని సరిగా ఇట్టిదే. ఒక వస్తువును దాని పేరు చెప్పక, దానికి చెందని వేషములు వేసి మన యెదుట నిలుపును. ఉదాహరణకు ఈ ప్రాంతపు వస్తువునే తీసికొని నేను కట్టిన దొకటి: కొండ కడుపున పుట్టింది, కొయ్య నడుము కట్టింది; ఎన్ని అక్షరాలు మింగినా ఒక్కటీ కడుపులో నిలవదు. విన్నవాడు మొదట ప్రాణి కొరకు వెదకును, నోరు ఎక్కడనో కడుపు ఎక్కడనో యని తడవుకొనును. ఆ దారి మూసికొనిపోయినప్పుడు, హఠాత్తుగా బడిసంచియు అందులోని పలకయు జ్ఞప్తికి వచ్చును. మనస్సు కుంచించుకొనియున్న దినమున ఆ దారి మారుట జరుగదు; మొదటి దారిలోనే తలపడి, అలసి, కోపము తెచ్చుకొనును.

గళ్ళనుడికట్టు పొడుపుకథకు పట్టణవాసపు చెల్లెలు. లివర్‌పూలులో పుట్టి అమెరికాకు వలసవెళ్ళిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో దీనిని తొలిసారి ప్రకటించెను. తెలుగునకు వచ్చునప్పటికి ఆరుద్ర వంటివాడు, శ్రీశ్రీ వంటివాడు దీనిని కూర్చుటకు చేయి చేసికొనిరనగా, మన కవులు దీనిని కాలక్షేపముగా మాత్రమే ఎంచలేదని తెలియుచున్నది. ఎంచవలసిన పనియు లేదు; సమస్యనిచ్చి పూరింపుమనుట, నాలుగు పదములనిచ్చి పద్యమున పొదుగుమనుట, ఇట్టి అక్షరము వాడరాదని నిషేధించుట అను అవధానవిద్యలో పెరిగిన భాషకు గడులలో అక్షరములను నింపుట క్రొత్త కాదు. అయితే ఆంగ్లపు గడికిని తెలుగు గడికిని స్వభావమున గొప్ప భేదము కలదు. ఆంగ్లమున గడికి ఇరువదియాఱు వర్ణములలో నొకటి. తెలుగున గుణింతములతోడను ఒత్తులతోడను గూడిన పూర్తి అక్షరము, కొన్నివందలలో నొకటి. కావున అడ్డముగా తెలిసిన ఒక్క అక్షరము నిలువు మాటనుగూర్చి చెప్పు సమాచారము మనకు చాల ఎక్కువ. మూడక్షరముల మాటలో ఒకటి దొరకినచో సగము చీకటి తొలగును. అందుచేత తెలుగు నుడికట్టులో మొదటి నాలుగు జవాబులు దొరకుటయే కష్టము, తరువాత వేగము పెరుగును. గుంటూరునుండి నంద్యాలవైపు పోవు రైలులో, మార్కాపురము రోడ్డు, తర్లుపాడు, కంభము దాటి గిద్దలూరు చేరులోపల, చల్లనిగాలికి మనస్సు తేటపడినవేళ, ఇట్టిదానికి మించిన స్నేహితము లేదు. దిగువమెట్ట దాటి నల్లమల అడవిలోనికి బండి ప్రవేశించిన తరువాత మాత్రము, గడులను మూసి కిటికీవైపు చూచుటయే ఉచితము.

ఇక అంకెలు. ఆందోళనతో నున్నవాడు లెక్కలవంటి నిర్దుష్టమైన వస్తువును పట్టుకొనినచో శాంతించునని లోకమున ఒక అభిప్రాయము కలదు. ఇది సగము మాత్రమే సత్యము. మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో ప్రకటించిన ప్రయోగములలో, గణితభీతి గలవారికి కొన్ని అక్షరములను మనస్సున నిలుపుకొనుచు కూడికలు చేయుమని చెప్పగా, ఒకట్లనుండి పదులకు మోసికొనిపోవలసిన అంకె వచ్చినచోటనెల్ల వారు ఇతరులకంటె ఎక్కువగా తప్పిరి. వారికి గణితము రాకపోలేదు. తప్పుదునేమో యను చింతయే తాత్కాలిక స్మృతిలో స్థలమాక్రమించి, మోయవలసిన అంకెకు చోటు లేకుండ చేసినది. పదవతరగతి పరీక్షలముందు బెదరియున్న పిల్లవానికి సరదాకని కఠినమైన లెక్కల చిక్కు నిచ్చుట, ఈ కారణముచేత, వానిపట్ల అన్యాయము.

అయినచో ఆ రెండవ సగమేమి? చేతిలో మోయవలసినది తక్కువగాను, నియమము స్పష్టముగాను, అడుగు చిన్నదిగాను ఉండు అంకెల ఆట, కలవరపడిన మనస్సునకు ఊతకర్ర కాగలదని నా విశ్వాసము. సుడోకులోని సులభమైన మెట్లు ఇట్టివి. దీనిని 1979లో అమెరికాలో హోవర్డ్ గార్న్స్ అను వాస్తుశిల్పి కల్పించెను, 1984లో జపానులో నికోలి సంస్థ పెంపుచేసెను, 2004లో లండను టైమ్స్ పత్రిక లోకమంతట వెదజల్లెను. దీనిలో కూడికయు లేదు, తీసివేతయు లేదు. అంకెలను తీసివేసి తొమ్మిది పండ్ల బొమ్మలు పెట్టినను ఆట చెడదు. ఏకైక పరిష్కారము కలుగుటకు కనీసము 17 అంకెలు ముందుగా ఇవ్వవలెననియు, 16 చాలవనియు 2012లో గారీ మెక్‌గ్వైర్ బృందము గణనయంత్రముల సాయముతో నిరూపించెను. ఆందోళనపడువాడు 17 అంకెల వాటి జోలికి పోరాదు. ముప్పదియైదో నలువదియో ఇచ్చినవానిని తీసికొని, గడి తరువాత గడి నింపుట మేలు.

పలకమీద చేయదగినది, సుడోకుకంటె ప్రాచీనమైనది మరియొకటి కలదు. మూడు వరుసల తొమ్మిది గడులలో 1 నుండి 9 వరకు అంకెలను, అడ్డముగాను నిలువుగాను మూలలుగాను ఎటు కూడినను ఒకే మొత్తము వచ్చునట్లు నింపవలెను. తోచినట్లు నింపువాడు అలసిపోవును. ఆలోచించువానికి తడుముకొనుటయే అక్కరలేదు. ఒకటినుండి తొమ్మిదివరకు మొత్తము 45; మూడు వరుసలు గనుక వరుసకు 15. నడిమి గడిగుండ నాలుగు వరుసలు పోవుచున్నవి. ఆ నాలుగింటి మొత్తము 60. అందులో ప్రతి గడియు ఒకమారు, నడిమి గడి మాత్రము నాలుగుమారులు లెక్కకు వచ్చినవి. కావున అధికముగా వచ్చిన 15, నడిమి అంకెకు మూడురెట్లు. నడుమ ఉండవలసినది 5. ఇక 8, 1, 6 మొదటి వరుస. 3, 5, 7 రెండవది. 4, 9, 2 మూడవది. ఇట్టి చదరమునే వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున బృహత్సంహితలో సుగంధద్రవ్యములు కలుపుటకు ఉపయోగించెను: పదునాఱు గడులలో పదునాఱు ద్రవ్యములు, 1 నుండి 8 వరకు అంకెలు రెండుమారులు, ఏ వరుసలోని నాలుగింటిని కలిపినను 18 భాగములు. 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో భద్రగణితమను పేర వీనికొక అధ్యాయమునే కేటాయించెను. మహావీరాచార్యుని గణితమును తెలుగుపద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన కాలమునుండియు, లెక్కను విందుగా వడ్డించు సంప్రదాయము మనకున్నది.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించినది మూడవ పాయ. ఎమిలీ హోమ్స్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఆక్స్‌ఫర్డులో చేసిన పరిశోధనలలో, గాయములను ప్రమాదములను చూపు భయంకరమైన చిత్రమును స్వచ్ఛందముగా వచ్చినవారికి చూపి, పిమ్మట కొందరిచేత టెట్రిస్ అను ఆటను, అనగా పైనుండి రాలు రంగుముక్కలను త్రిప్పి సందులలో పొదుగు ఆటను ఆడించిరి. వారికి ఆ వారములో భయదృశ్యములు అప్రయత్నముగా కంటియెదుట మెరయుట తగ్గెను. 2009లో ప్రకటింపబడిన ఈ ఫలితమునకు మరుసటి యేట వచ్చిన అనుబంధము మన విషయమునకు ప్రాణమువంటిది: కొందరిచేత టెట్రిస్ ఆడించి, కొందరిని మాటల ప్రశ్నోత్తరముల పోటీలో కూర్చుండబెట్టగా, బొమ్మల ఆట ఆడినవారికి మేలు కలిగినది, మాటల పోటీలో పాల్గొన్నవారికి కలుగలేదు. రెండును మనస్సును మరలించునవే. కాని కంటికి కట్టిన దృశ్యము చిత్రములగదిలో నున్నది. దానితో స్థలమునకై పోటీపడగలది ఆకారముల పనియేగాని మాటల పని కాదు. 2018లో ఇదే బృందము ఆసుపత్రి అత్యవసర విభాగమునకు వచ్చిన రోడ్డుప్రమాద బాధితులయందును ఇట్టి ఉపశమనమునే చూచెను.

ఇది చదివినప్పుడు నాకు టెట్రిస్ కంటె మన వాకిటి ముగ్గు జ్ఞప్తికి వచ్చినది. ధనుర్మాసమున మార్కాపురము ప్రాంతపు పల్లెలలో, మంచు విడువకముందే, పేడనీళ్ళు చల్లిన వాకిట చుక్కలు పెట్టి మెలికలు త్రిప్పు స్త్రీ చేయుచున్నది శుద్ధమైన దృశ్యప్రహేళిక. చేతిలోని పిండి జారుచుండగా, ఇంకను గీయని గీత ఎటు తిరిగి ఎచట కలియవలెనో ఆమె ముందుగానే కంటియందు నిలుపుకొనవలెను. దీనిలోని గణితమును పండితులు చిన్నచూపు చూడలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, తన సహచరులతో గూడి 1974లో, తమిళదేశపు ముగ్గులను ఒక చిత్రభాషగా ఎంచి వానికి వ్యాకరణమును కూర్చెను.

ఆ గణితములో ఒక సూత్రము పలకమీద ఎవరైనను పరీక్షింపదగినంత సుకుమారమైనది. సమానమైన వరుసలుగా చుక్కలు పెట్టుడు. చుక్కల నడుమగా ఏటవాలుగా సాగుచు, ఎదురైన గీతను దాటిపోవుచు, అంచులయందు మాత్రమే మలుపు తిరుగుచు, ప్రతిచుక్కను చుట్టి వచ్చునట్లు మెలిక గీయుడు. బలపము ఎత్తక ఒక్క గీతతో ముగ్గు పూర్తియగునా, లేక మరల మరల ఎత్తవలెనా? వరుసల సంఖ్యకును వరుసకుగల చుక్కల సంఖ్యకును గరిష్ఠ సామాన్య భాజకము ఎంతయో, గీతలును అన్నియే. మూడు వరుసలు, వరుసకు నాలుగు చుక్కలైనచో ఒకే గీత. మూడు మూళ్ళైనచో మూడు గీతలు. నాలుగు ఆఱులైనచో రెండు. ఆఫ్రికాఖండమున అంగోలాదేశపు చోక్వే జనులు ఇసుకపై వ్రేళ్ళతో గీయు సోనా అను చిత్రములందును ఇదే సూత్రము పనిచేయుచున్నదని మొజాంబిక్ గణితజ్ఞుడు పౌలస్ గెర్డెస్ వివరించెను. ఎన్నడు నొకరినొకరు చూడని జనులు ఒకే నియమమును వ్రేళ్ళతో కనుగొనిరన్నప్పుడు నాకు కలుగు ఆనందము చెప్పనలవి కానిది. దృశ్యము వేధించుచున్న రాత్రి, నిదురరానివాడు అయిదు వరుసల యేడు చుక్కల ముగ్గును పలకమీద ఒకే గీతతో ముగించుటకు ప్రయత్నించి చూడదగును.

దుఃఖము వేరు. అది మనస్సును చిన్నచిన్న వివరములవైపు, దగ్గరి వస్తువులవైపు త్రిప్పును. కారెన్ గాస్పర్, జెరాల్డ్ క్లోర్ 2002లో చూపినట్లు, సంతోషమున నున్నవారు చిత్రములో మొత్తపు ఆకారమునే మొదట పోల్చుకొనగా, విచారమున నున్నవారు అందుకు తక్కువగా మొగ్గి, విడివిడి భాగములనే ఎక్కువగా పట్టించుకొందురు. ఇది లోపముగా కనబడవచ్చును; కాని రెండు బొమ్మలలో తేడాలు వెదకు ఆటకు, ముక్కలు కలిపి పటమును పూర్తిచేయు ఆటకు కావలసిన చూపు సరిగా ఇదియే. ముక్కల పటములను 1760 ప్రాంతమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ అను పటముల రూపకర్త భూగోళపాఠమునకై చెక్కమీద అతికిన దేశపటములను కోసి తయారుచేసెను. ప్రకాశము జిల్లాయు ఒక ముక్కల పటముగానే పుట్టినది: 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములను కలిపి దీనిని ఏర్పరచిరి; మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు నాడు కర్నూలునుండి వచ్చిన ముక్కలు. అట్టపై జిల్లాపటము అతికి, మండలముల సరిహద్దుల వెంట కత్తిరించి పిల్లలకిచ్చు ఉపాధ్యాయుడు ఒకే పనితో రెండు చదువులు చెప్పినవాడగును.

అలసట సంగతి చిత్రమైనది. మరైకే వీత్, రోజ్ జాక్స్ 2011లో ప్రకటించినదానినిబట్టి, మెరుపువలె తోచవలసిన ప్రశ్నలను మనుష్యులు తమకు చురుకుదనము తక్కువైన వేళలందే ఎక్కువగా విడదీసిరి. మెట్టుమెట్టుగా చేయవలసిన లెక్కల విషయమున అట్టి లాభము కనబడలేదు. కావున ప్రొద్దున చురుకుగా నుండువాడు సుడోకును ప్రొద్దునకే ఉంచుకొని, పొడుపుకథను రాత్రి భోజనము తరువాతకు వాయిదా వేయవచ్చును.

మిగిలినది ఒంటరితనము, దీనికి ఏకాకిగా విడదీయు ప్రహేళికలేవియు తగవు. పులిమేక ఆట దీనికి తగినది. ఇరువదిమూడు కూడళ్ళ పటమును సుద్దతో అరుగుమీద గీసినను చాలును. మూడు పులులకు మూడు పెద్ద గులకరాళ్ళు, పదునైదు మేకలకు పదునైదు చింతగింజలు. ఏ పక్షమున కూర్చుండవలెనో నిర్ణయించుకొనుటలోను మనఃస్థితికి చోటున్నది. తొందరగా నున్నవాడు పులులను కోరుకొనును, ఏలయన అవి మొదటినుండియు కదలును, మేక వెనుక కూడలి ఖాళీగా కనబడినంతనే దుముకును. మేకలకు పదునైదును పటముపైకి వచ్చువరకు కదలిక లేదు. ఒక్కొక్కదానిని వెనుక ఖాళీ లేని చోటు చూచి దింపుకొనవలెను, ఒకటిరెండు పోయినను ఓర్చుకొనవలెను, పులికి దుముకు తావు లేకుండ నలువైపుల మూయువరకు వేచియుండవలెను. మొదటి ఆట పులులతో ఆడి అలజడి తీర్చుకొనినవాడు, రెండవ ఆటకు ఎదుటివానిని అడిగి మేకలను తీసికొనుట మంచిది.